126, 7.0 ఒకటే ఎలా అయ్యాయి? కెమిస్ట్రీ మొదలుపెట్టేవారికి ప్రమాణాల మార్పిడి

హైదరాబాద్‌లో రక్తపరీక్ష చేయించుకున్న ఒకరి రిపోర్టులో ఫాస్టింగ్ షుగర్ 126 అని ఉందనుకుందాం. మధుమేహం ఉన్నట్టు డాక్టర్లు లెక్కలోకి తీసుకునే హద్దు అది. అదే మనిషి లండన్‌లో ఉన్న కూతురి దగ్గరికి వెళ్లి అక్కడ పరీక్ష చేయించుకుంటే, రిపోర్టులో 7.0 అని రావచ్చు. అంకె చూసి సంబరపడితే పొరపాటే. గ్లూకోజు రెండుచోట్లా అంతే ఉంది. మన దేశంలోనూ అమెరికాలోనూ ఒక డెసీలీటరులో ఎన్ని మిల్లీగ్రాముల గ్లూకోజు ఉందో చెబుతారు. బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియాల్లో లీటరుకు ఎన్ని మిల్లీమోల్‌లు ఉన్నాయో చెబుతారు. మొదటిది బరువు లెక్క, రెండోది అణువుల లెక్క. డజను అంటే పన్నెండు అన్నట్టు, మోల్ అంటే అణువులను లెక్కపెట్టడానికి వాడే ఒక పెద్ద సంఖ్య; మిల్లీమోల్ అందులో వెయ్యో వంతు.

126 నుంచి 7.0కి వెళ్లే దారిలో కెమిస్ట్రీ మొదటి అధ్యాయం దాదాపు అంతా ఉంది: ప్రిఫిక్సులు, ఘనపరిమాణం, అణుభారం, మోల్. ఇంటర్ మొదటి ఏడాదిలో ఈ అధ్యాయాన్ని చాలాచోట్ల గబగబా దాటించేస్తారు, ఇదంతా టెన్త్‌లో చదివిందే కదా అని. దాని ఫలితం తర్వాత కనిపిస్తుంది. వాయు నియమాలు, ద్రావణాలు, ఉష్ణగతిక శాస్త్రం, ఏది తీసుకున్నా ఫార్ములా సరిగ్గానే రాసి, అంకెలు సరిగ్గానే వేసి, జవాబు మాత్రం వెయ్యి రెట్లు తేడాగా తెచ్చుకునే విద్యార్థులు ప్రతి క్లాసులో ఉంటారు. తమకు కెమిస్ట్రీ రాదని వాళ్లు అనుకుంటారు. నిజానికి వాళ్లకు రానిది చాలా చిన్న విషయం, పట్టుదలగా కూర్చుంటే ఒక వారంలో వచ్చేది.

ఆ చిన్న విషయం ఇదీ. కొలతలో అంకె సగం, ప్రమాణం సగం. ‘5 గ్రాములు’ అంటే 5ను గ్రాముతో గుణించినట్టు. బీజగణితంలో 5ఎక్స్ అని రాస్తే ఎక్స్‌ను మధ్యలో వదిలేయం కదా, ప్రమాణాన్నీ అలాగే ప్రతి వరుసలో వెంట తీసుకెళ్లాలి. అలా తీసుకెళ్తే అది లవంలోనో హారంలోనో ఉంటుంది, పైనా కిందా ఒకటే ఉంటే కొట్టుకుపోతుంది. లెక్క మొత్తం ఉత్త అంకెలతో చేసి, చివర్లో గుర్తొచ్చిన ప్రమాణం తగిలించే అలవాటు ఉన్నంతకాలం ‘ఇక్కడ గుణించాలా, భాగించాలా’ అనే టెన్షన్ పోదు.

మెట్రిక్ పద్ధతిలో మార్పిడి తేలిక కావడానికి కారణం అది పుట్టిన తీరులోనే ఉంది. ఫ్రెంచి విప్లవానికి ముందు ఆ దేశంలో ఊరికో కొలత ఉండేది. విప్లవ కాలంలో కొత్త కొలతల కోసం ఏర్పడ్డ సంఘంలో ఆధునిక రసాయన శాస్త్రానికి పునాది వేసిన లెవోయిజర్ కూడా పనిచేశాడు. ఒక నిర్ణీత ఘనపరిమాణం ఉన్న నీరు ఎంత తూగుతుందో 1793లో కొలిచిన వాళ్లలో ఆయన ఒకడు. 1794 మే 8న ఆయన్ను గిలెటిన్ మీద చంపేశారు. మెట్రిక్ చట్టం మరుసటి ఏడాది, 1795లో వచ్చింది. మీటరును భూమి కొలత నుంచి తీసుకున్నారు: ఉత్తర ధ్రువం నుంచి భూమధ్యరేఖ దాకా ఉన్న దూరంలో కోటో వంతు. ఆ మీటరులో నూరో వంతు సెంటీమీటరు. ఒక ఘన సెంటీమీటరు నీటి ద్రవ్యరాశి గ్రాము. అంటే పొడవు నుంచి ఘనపరిమాణం, దాని నుంచి ద్రవ్యరాశి, ఒకదాన్ని పట్టుకుని ఇంకొకటి వచ్చాయి. ‘మిల్లీలీటరు నీళ్లు గ్రాము తూగుతాయి’ అనే మాట ప్రకృతిలో కాకతాళీయంగా కుదిరింది కాదు, మనుషులు కావాలని అలా కుదిర్చారు.

మన దగ్గర 1956లో తూనికలు, కొలతల ప్రమాణాల చట్టం వచ్చింది. 1957 ఏప్రిల్ 1 నుంచి రూపాయికి నూరు నయా పైసలయ్యాయి. శేర్లు, వీశెలు, మణుగులు ఆ తర్వాత కొద్ది ఏళ్లలో అధికారికంగా పక్కకు తప్పుకున్నాయి. బంగారం దగ్గర మాత్రం తులం నిలిచింది. పాత తులం 11.66 గ్రాములు. ఇప్పుడు చాలాచోట్ల తులం అంటే 10 గ్రాములే. ఒకే పేరుకు రెండు విలువలుంటే బేరంలో ఎంత గొడవో, ప్రయోగశాలలో అంతకంటే పెద్ద గొడవ.

ప్రిఫిక్సుల పట్టికలో చాలా ఉన్నాయి గానీ మొదటి ఏడాది కెమిస్ట్రీకి అన్నీ అక్కర్లేదు. కిలో (10³), డెసీ (10⁻¹), సెంటీ (10⁻²), మిల్లీ (10⁻³), మైక్రో (10⁻⁶), నానో (10⁻⁹), పికో (10⁻¹²) నోటికొస్తే చాలు. పెద్ద ప్రమాణాల వైపు కిలోతోనే ఎక్కువ పని. పరమాణువుల సైజు పికోమీటర్లలో, కాంతి తరంగదైర్ఘ్యం నానోమీటర్లలో చెబుతారు. సోడియం దీపం పసుపు వెలుగు 589 నానోమీటర్ల దగ్గర ఉంటుంది. పాత పుస్తకాల్లో కనిపించే ఆంగ్‌స్ట్రామ్ 10⁻¹⁰ మీటరు, అంటే 100 పికోమీటర్లు.

ఇక్కడ రెండు చోట్ల జాగ్రత్త కావాలి. ఇంగ్లిషు గుర్తుల్లో చిన్న ఎం మిల్లీ, పెద్ద ఎం మెగా; ఆ రెంటికీ వంద కోట్ల రెట్లు తేడా. పైగా ఆ చిన్న ఎం ఒంటరిగా ఉంటే మీటరు, లేదా మొలాలిటీ (కిలో ద్రావణికి ఎన్ని మోల్‌లో చెప్పేది); పెద్ద ఎం ఒంటరిగా ఉంటే మొలారిటీ (లీటరు ద్రావణంలో ఎన్ని మోల్‌లో చెప్పేది). నోట్సులో హడావిడిగా రాసుకున్న అక్షరం పరీక్ష ముందు రోజు రాత్రి ఏదో అర్థంకాక ఇబ్బంది పెట్టేది ఇందుకే. రెండోది కిలోగ్రాము. ఏడు ఆధార ప్రమాణాల్లో పేరులోనే ప్రిఫిక్సు ఉన్నది అదొక్కటే. అందువల్ల ద్రవ్యరాశికి ఆధారం కిలోగ్రామే అయినా, ప్రిఫిక్సులు తగిలించేది మాత్రం గ్రాముకు. మైక్రోకిలోగ్రాము అనరు, మిల్లీగ్రాము అంటారు.

ఇప్పుడు మార్పిడి. 1 గ్రాము = 1000 మిల్లీగ్రాములు. రెండు వైపులా 1000 మిల్లీగ్రాములతో భాగిస్తే (1 గ్రాము / 1000 మిల్లీగ్రాములు) = 1. తలకిందులు చేసి రాసినా విలువ 1. దేన్నైనా 1తో గుణిస్తే దాని విలువ మారదు, రూపం మారుతుంది. మార్పిడి అంటే ఇంతే: ఒకటికి సమానమైన భిన్నంతో గుణించడం. ఆ భిన్నాన్ని ఏ వైపు తిప్పి రాయాలో ప్రమాణమే చెబుతుంది. పోవాల్సిన ప్రమాణం కొట్టుకుపోయేలా పెట్టాలి.

తెలుగువాళ్లు ఈ పద్ధతిని భూమి దగ్గర పరీక్షించి చూసుకోవచ్చు. తెలంగాణలో గుంటలు, ఆంధ్రలో సెంట్లు. ఎకరానికి 40 గుంటలు, లేదా 100 సెంట్లు. ఖమ్మంలో 5 గుంటల స్థలం ఉన్న కుటుంబం దాన్ని విజయవాడ బంధువుకు సెంట్లలో చెప్పాలంటే:

5 గుంటలు × (1 ఎకరం / 40 గుంటలు) × (100 సెంట్లు / 1 ఎకరం) = 12.5 సెంట్లు

గుంటలు గుంటలతో పోయాయి, ఎకరం ఎకరంతో పోయింది, సెంట్లు మిగిలాయి. పొరపాటున మొదటి భిన్నాన్ని తిప్పి రాస్తే ‘గుంట వర్గం బై ఎకరం’ లాంటి అర్థంలేని ప్రమాణం మిగులుతుంది. అంకె తప్పయితే దాన్ని చూసి కనిపెట్టలేం. ప్రమాణం తప్పయితే కంటికి కనబడుతుంది. ఈ పద్ధతి విలువంతా అక్కడే ఉంది, దీన్ని మొదటి నెలలోనే గట్టిగా పట్టించాలి.

షుగర్ లెక్కకు ఇదే దారి. గ్లూకోజు అణుభారం 180, అంటే మోల్‌కు 180 గ్రాములు. మిల్లీమోల్‌కు 180 మిల్లీగ్రాములు. పది డెసీలీటర్లు ఒక లీటరు.

(126 మిల్లీగ్రాములు / 1 డెసీలీటరు) × (1 మిల్లీమోల్ / 180 మిల్లీగ్రాములు) × (10 డెసీలీటర్లు / 1 లీటరు) = లీటరుకు 7.0 మిల్లీమోల్‌లు

మొత్తం మీద 18తో భాగించినట్టయింది. విదేశాల్లో పిల్లల దగ్గరికి వెళ్లొచ్చే పెద్దలు చాలామంది ‘18తో భాగిస్తే సరి’ అని గుర్తుపెట్టుకుంటారు, అది గ్లూకోజుకు సరైనదే. కొలెస్ట్రాల్ దగ్గర అదే 18 వాడితే మాత్రం కొంప మునుగుతుంది. కొలెస్ట్రాల్ అణుభారం దాదాపు 387, కాబట్టి అక్కడ భాగించాల్సింది 38.7తో. డెసీలీటరుకు 200 మిల్లీగ్రాములు అక్కడ లీటరుకు 5.2 మిల్లీమోల్‌లు. గ్రాము నుంచి మిల్లీగ్రాముకు మారడం ఏ పదార్థానికైనా ఒకటే. గ్రాము నుంచి మోల్‌కు మారాలంటే ఏ పదార్థమో తెలిసి తీరాలి. మొదటిది కొలతల విషయం, రెండోది కెమిస్ట్రీ. విద్యార్థి ఈ రెంటినీ వేరుగా చూడగలిగితే సగం అధ్యాయం అయిపోయినట్టే.

గ్రాముకూ లీటరుకూ మధ్య కూడా ఇలాంటి వంతెన ఒకటి ఉంది, దాని పేరు సాంద్రత. దాన్ని ప్రమాణం లేకుండా వాడితే ఏమవుతుందో 1983 జూలై 23న కెనడాలో తేలింది. ఎయిర్ కెనడా 143 విమానం మాంట్రియల్ నుంచి ఎడ్మంటన్ వెళ్లాలి. ప్రయాణానికి 22,300 కిలోల ఇంధనం కావాలి. ఇంధనం కొలిచే మీటర్లు పనిచేయకపోవడంతో ట్యాంకుల్లో ఉన్నదాన్ని కొలకర్రతో చూశారు, 7,682 లీటర్లు ఉంది. దాన్ని కిలోల్లోకి మార్చడానికి 1.77తో గుణించారు. 13,597 కిలోలు ఉన్నాయనుకుని, మిగతా 8,703 కిలోల కోసం మళ్లీ 1.77తో భాగించి 4,917 లీటర్లు నింపారు. ఆ 1.77 లీటరుకు ఎన్ని పౌండ్లో చెప్పే అంకె. కెనడా అప్పుడే మెట్రిక్‌కు మారుతోంది, ఆ కొత్త విమానం కిలోల లెక్కతో నడిచేది. వాడాల్సిన సాంద్రత లీటరుకు సుమారు 0.8 కిలోలు; ఆ లెక్కన 20,000 లీటర్లకు పైగా నింపాలి. దారి మధ్యలో ఆకాశంలోనే రెండు ఇంజన్లూ ఆగిపోయాయి. పైలట్లు విమానాన్ని గాలిలో జారుతున్నట్టుగానే నడిపి గిమ్లీ అనే ఊళ్లోని పాత వైమానిక స్థావరంలో దించారు. 69 మందీ బతికారు.

ఆ లెక్కలో గుణకారం తప్పలేదు, భాగహారం తప్పలేదు. కాగితం మీద 1.77 పక్కన ‘పౌండ్లు / లీటరు’ అని ఉండి, దాన్ని వరుస వరుసకూ మోసి ఉంటే, చివర్లో పౌండ్లు మిగిలి దొరికిపోయేది.

సాంద్రత విషయంలో విద్యార్థులు చేసే ఇంకో పొరపాటు, మిల్లీలీటరుకు గ్రాము అన్న నీటి లెక్కను అన్ని ద్రవాలకూ వాడటం. ఇథనాల్ మిల్లీలీటరు 0.79 గ్రాములే. గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం 1.84 గ్రాములు. పాదరసం 13.6 గ్రాములు. పాదరసం సాంద్రతను ఘన మీటరుకు కిలోగ్రాముల్లో చెప్పమంటే చాలామంది వందతో ఆగిపోతారు, మీటరుకు వంద సెంటీమీటర్లు కదా అని. కానీ ఘన మీటరు అంటే 100 × 100 × 100, పది లక్షల ఘన సెంటీమీటర్లు. భిన్నాన్ని మూడుసార్లు రాయాలి, లేదా మొత్తం భిన్నానికి ఘాతం వేయాలి:

(13.6 గ్రాములు / 1 ఘన సెం.మీ.) × (1 కిలోగ్రాము / 1000 గ్రాములు) × (100 సెం.మీ. / 1 మీ.)³ = ఘన మీటరుకు 13,600 కిలోగ్రాములు

ఒక డెసీమీటరు ఘనమే లీటరు, ఒక సెంటీమీటరు ఘనమే మిల్లీలీటరు. ఇది ఎప్పుడూ ఇంత కచ్చితంగా లేదు. 1901 నుంచి 1964 దాకా లీటరును కిలో నీరు ఆక్రమించే చోటుగా నిర్వచించారు, అది ఘన డెసీమీటరు కంటే రవ్వంత, పది లక్షల్లో 28 పాళ్లు, ఎక్కువ. 1964లో ఆ తేడా తీసేశారు.

అన్ని చోట్లా మార్పిడి తప్పనిసరా అంటే, కాదు. అంశమాపనంలో (టైట్రేషన్‌లో) మొలారిటీని ఘనపరిమాణంతో గుణించి రెండు ద్రావణాలనూ సమానం చేసేటప్పుడు బ్యూరెట్ (కొలత గీతలున్న గాజు గొట్టం) రీడింగ్‌ను మిల్లీలీటర్లలోనే వేయొచ్చు. సమీకరణానికి రెండు వైపులా మిల్లీలీటరు ఉంటుంది, కొట్టుకుపోతుంది. ఉష్ణోగ్రత మారకపోతే వాయువు పీడనం, ఘనపరిమాణాల లబ్ధం మారదనే బాయిల్ నియమంలోనూ అంతే, పీడనం ఏ ప్రమాణంలో ఉన్నా రెండు వైపులా అదే ఉంటే సరిపోతుంది. ఆదర్శ వాయు సమీకరణం (పీడనం × ఘనపరిమాణం = మోల్‌ల సంఖ్య × ఆర్ × కెల్విన్ ఉష్ణోగ్రత) అలా కాదు. అందులో ఆర్ అనే స్థిరాంకం తన ప్రమాణాలతో సహా వచ్చి కూర్చుంటుంది, మిగతావన్నీ దానికి తగ్గట్టు మారాలి. ఆర్ విలువ 0.0821 తీసుకుంటే ఘనపరిమాణం లీటర్లలో, పీడనం అట్మాస్ఫియర్లలో ఉండాలి. 8.314 తీసుకుంటే ఘన మీటర్లు, పాస్కల్‌లు. ఆ రెండూ వేర్వేరు స్థిరాంకాలని కొందరు అనుకుంటారు. ఒక లీటర్-అట్మాస్ఫియర్ అంటే 101.325 జౌళ్లు, 0.08206ను దాంతో గుణిస్తే 8.314 వచ్చేస్తుంది.

ఉదాహరణకు 27 డిగ్రీల దగ్గర, ఒక అట్మాస్ఫియర్ పీడనంలో 500 మిల్లీలీటర్ల ఆక్సిజన్‌లో ఎన్ని మోల్‌లు? 0.5ను 0.0821 × 300తో భాగిస్తే 0.0203 మోల్. లీటర్లలోకి మార్చడం మరచి 500 వేస్తే 20.3 మోల్‌లు వస్తాయి. మోల్‌కు 32 గ్రాములు కాబట్టి, అరలీటరు సీసాలో 650 గ్రాముల గాలి ఉన్నట్టు! జవాబు రాగానే ఇలా బరువులోకి మార్చి ఒకసారి ఊహించుకునే అలవాటు ఉంటే ఇలాంటి తప్పు చేతిలోంచి బయటికి పోదు.

ఈ లెక్కలో 27ను 300గా మార్చడం మాత్రం మిగతా మార్పిడుల్లాంటిది కాదు. సెల్సియస్ నుంచి కెల్విన్‌కు భిన్నంతో గుణించి వెళ్లలేం, 273.15 కలపాలి. సెల్సియస్ సున్నా నీరు గడ్డకట్టే చోట పెట్టుకున్న గుర్తు. కెల్విన్ సున్నా నిజంగా సున్నా. అందుకే రెండు వైపులా కొట్టుకుపోతుందన్న ధైర్యం ఉష్ణోగ్రత దగ్గర పనికిరాదు. 27 డిగ్రీల నుంచి 54 డిగ్రీలకు వేడిచేస్తే వాయువు రెట్టింపు కాదు. 300 కెల్విన్ నుంచి 327 కెల్విన్, అంటే 9 శాతమే పెరుగుతుంది. ఉష్ణోగ్రతల తేడా అడిగితే మాత్రం రెండింటిలోనూ అంకె ఒకటే, అక్కడ 273 కలిపితే తప్పు.

చాలా పలచని ద్రావణాలకు పీపీఎం వాడతారు, పది లక్షల పాళ్లలో ఎన్ని పాళ్లు అని. నీటి విషయంలో దీన్ని లీటరుకు మిల్లీగ్రాములుగా చదవొచ్చు. లీటరు నీళ్లు కిలో, అంటే పది లక్షల మిల్లీగ్రాములు; మళ్లీ లెవోయిజర్ కాలంలో కుదిర్చిన ఆ లంకే. తెలుగు నేల మీద ఈ ప్రమాణం పాఠం కోసం పుట్టించిన ఉదాహరణ కాదు. భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ వల్ల వచ్చే ఎముకల జబ్బును మన దేశంలో 1937లో మొదటిసారి నమోదు చేసింది నాటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో. నల్గొండ ఆ బాధను తరాల పాటు మోసింది. భారత ప్రమాణాల ప్రకారం తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే దిక్కులేని చోట 1.5 దాకా ఒప్పుకుంటారు.

ఆ 1.5 హద్దులో ఉన్న నీళ్లు ఒక గ్లాసు, 200 మిల్లీలీటర్లు తీసుకుందాం. ఫ్లోరైడ్ ఎన్ని అయాన్లు?

0.2 లీటరు × (1.5 మిల్లీగ్రాములు / 1 లీటరు) × (1 గ్రాము / 1000 మిల్లీగ్రాములు) × (1 మోల్ / 19 గ్రాములు) × (6.022 × 10²³ అయాన్లు / 1 మోల్) = 9.5 × 10¹⁸ అయాన్లు

లీటరు పోయింది, మిల్లీగ్రాము పోయింది, గ్రాము పోయింది, మోల్ పోయింది. అయాన్లు మిగిలాయి. చివరి భిన్నంలోని అవగాడ్రో సంఖ్యను 2019 మే 20 నుంచి కొలతల్లో దొరికే విలువగా కాక నిర్వచనంగా స్థిరపరిచారు: మోల్ అంటే సరిగ్గా 6.02214076 × 10²³ కణాలు. కిలోగ్రాము కూడా అదే రోజున ఫ్రాన్స్‌లో దాచిన లోహపు దిమ్మె నుంచి విడిపోయి ప్రకృతిలో మారని విలువ అయిన ప్లాంక్ స్థిరాంకానికి ముడిపడింది.

పోటీ పరీక్షలు రాసేవాళ్లు ఒకచోట ప్రత్యేకంగా ఆగాలి. ఎస్‌టీపీ (ప్రామాణిక ఉష్ణోగ్రత, పీడనం) దగ్గర ఒక మోల్ వాయువు 22.4 లీటర్లని ఒక పుస్తకంలో, 22.7 లీటర్లని ఇంకో పుస్తకంలో ఉంటుంది. అచ్చుతప్పు కాదు. ప్రామాణిక పీడనాన్ని అట్మాస్ఫియర్ నుంచి బార్‌కు మార్చాలని రసాయన శాస్త్రవేత్తల అంతర్జాతీయ సంఘం 1982లో నిర్ణయించింది. అట్మాస్ఫియర్ 1,01,325 పాస్కల్‌లు, బార్ సరిగ్గా 1,00,000. పీడనం కాస్త తగ్గింది, ఘనపరిమాణం అంతమేర పెరిగింది. ఉష్ణోగ్రత మాత్రం రెండింటికీ సున్నా డిగ్రీలే. ప్రశ్నలో 1 బార్ అని ఉంటే 22.7, 1 అట్మాస్ఫియర్ అని ఉంటే 22.4.